ఖాకీ అంచు విసనకర్ర

పేరు అబద్ధం.
ముందు పుట్టినవాళ్లు దక్కలేదని
వాళ్లమ్మ చావుని ఏమార్చడానికి పెట్టుకున్న పేరు.
రాజోలు ఫైర్ స్టేషన్ రిజిస్టర్లో
ముప్పై రెండేళ్లు అదే సంతకం.
ఉత్తుత్తి ఫోన్లకీ బయల్దేరేవాడట,
"ఇక్కడ అబద్ధం నేనొక్కణ్ణే చాలు" అంటూ.

నేనాయన్ని మొదట చూసింది ఒక వైశాఖంలో.
నాకు తొమ్మిదేళ్లు.
తాటిపాక. ఊరి పేరులోనే పాక ఉంది.
కాలవ గట్టున పదకొండు ఇళ్లు
ఈల వేసినంతసేపట్లో వరసగా అంటుకున్నాయి.
ఎర్ర బండి వచ్చేసరికి
మా ఇంటికి నిట్రాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి,
నల్లగా,
ఏదో అడగబోయి మరిచిపోయినట్టు.

ఆయన ఆర్పాడు.
ఆర్పడానికి ఇంకేం లేనంతవరకూ ఆర్పాడు.
తర్వాత హెల్మెట్ తీసి, వెల్లకిలా పట్టి,
బండిలో మిగిలిన నీళ్లు మా నాయనమ్మకి తెచ్చిచ్చాడు.
నాయనమ్మ తాగలేదు. కాళ్లు కడుక్కుంది.
"ఆకు తప్పేం లేదు బాబూ," అంది,
"ఆకు మంచిదే."

ఉద్యోగం గురించి ఆయన చెప్పింది తక్కువ.
చెప్పినదాంట్లో మంట తక్కువ, నీళ్లే ఎక్కువ:
బావిలో పడ్డ గేదెదూడ,
వశిష్ఠలో మూడో రోజుకి తేలిన కుర్రాడు,
అవతల లంకలో పాకలు తగలబడుతుంటే
పంటు అవతలి రేవులోనే ఉండిపోయి
ఇవతలి గట్టు మీద బండి
ఊరికే సైరన్ మోగిస్తూ నిలబడ్డం.
"అన్ని నీళ్లు మధ్యలో పెట్టుకుని..." అనేవాడు.
ఆ మాట ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు.

రిటైరైన మర్నాడు సైకిలేసుకుని వచ్చాడు.
నాయనమ్మ ముందు గొంతుక్కూచుని
"ఆకు పని నేర్పమ్మా" అన్నాడు.
గొట్టాలు పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు.
"ఆ వేళ్లకి ఈనె లొంగదు" అని నవ్విందావిడ.
ఆయన అల్లిన మొదటి బుట్ట కింద
మా కోడిపెట్ట కూడా ఉండనంది.

రెండో ఏడాదికి
లేతాకు ఏ పూట కొయ్యాలో,
ఎన్ని రాత్రులు మంచులో ఆరెయ్యాలో,
నానిన ఆకుని చెవి దగ్గర వంచి వినడం
(పలికితే ఇంకా తడవాలి, ఊరుకుంటే అల్లొచ్చు)
అంతా ఆవిడ దగ్గర రాబట్టాడు.
ఆవిడ పోయాక ఆ చెవి ఊళ్లో ఆయనకొక్కడికే మిగిలింది.

పొద్దున్న పిల్లలకి ఈత.
రెండు ఎండు కొబ్బరికాయలు జతగా నడుముకి బిగించి
కాలవలోకి తోసేవాడు,
అమ్మలు తిట్టినా ఆడపిల్లల్ని కూడా.
మధ్యాహ్నాలు విసనకర్రలు.
ముప్పై రెండేళ్లు గాలిని తిట్టుకున్న మనిషి
కూచుని గాలి తయారుచేశాడు, ఊరికే పంచాడు.
అంచులకి గుడ్డ కావాలంటే
పాత యూనిఫాం కత్తిరించాడు.
మూడు జతల ఖాకీకి నూట నలభై ఒకటి వచ్చాయి,
లెక్క రాసింది నేనే.
సగం మా ఆసుపత్రికి,
నేను ఆయాగా ఉన్న కాన్పుల వార్డుకి.
కరెంటు పోయిన రాత్రుళ్లు
బాలింతల పక్కన ఖాకీ అంచులు కదిలేవి.
ఇచ్చేప్పుడు ఒకటే షరతు:
"మనిషికి విసరండి. పొయ్యికి మాత్రం వద్దు."

మొన్న మాఘంలో పోయాడు.
ఎర్ర బండి వచ్చింది. కొత్త కుర్రాళ్లు, ఓ బంతిపూల దండ.
దండ వెయ్యకముందే ఫోను.
శివకోడు దగ్గర గడ్డివామి.
కుర్రాళ్లు ఆయన తమ్ముడి వైపు చూశారు.
ఆయన చెయ్యి ఊపాడు, ఎళ్లండెళ్లండని.
దండ బండిలోనే వెళ్లిపోయింది.
ఆ ఫోను నిజందో ఉత్తుత్తిదో నేనింతవరకూ అడగలేదు.

ఇవాళ గ్యాసైపోయింది.
పెరట్లో మూడు రాళ్లు పెట్టి
కొబ్బరి డొక్కలు ముట్టించాను.
పచ్చివి. పొగే గాని మంట లేదు.
చెయ్యి దానంతటది మేకు దాకా వెళ్లి
ఖాకీ తగిలి ఆగింది.

ఊదుగొట్టం ఎక్కడ పెట్టానో
ఇల్లంతా వెతుకుతున్నాను.